ఊపిరి మారింది... మెదడు జాగ్రత్త!

ఊపిరితిత్తులు మార్చారు. ఆక్సిజన్ సిలిండర్ మూలన పడింది. ఇక గండం గడిచినట్టేనా? ఛాతీలో జరిగిన ఆపరేషన్ ప్రభావం చేతివేళ్ల మీద, కంటిచూపు మీద, చివరికి మాట మీద కూడా కనిపించవచ్చు. వాటిలో చాలావరకు తగ్గిపోయేవే. ఏది తగ్గేదో, ఏది ముదిరేదో తేల్చాల్సింది వైద్యులు. ముందుగా పసిగట్టాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లే!

ముక్కుకు గొట్టం తగిలించుకుని నెలల తరబడి మంచం పట్టిన మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం, అన్నం ముద్ద మింగాలన్నా ఆయాసం. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఫైబ్రోసిస్, పొగ వల్ల వచ్చే సీవోపీడీ, పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగిపోవడం... కారణం ఏదైనా మందులు పనిచేయని దశకు చేరితే మిగిలే దారి ఊపిరితిత్తుల మార్పిడి. ప్రపంచవ్యాప్తంగా ఏటా నాలుగు వేలమందికి పైగా పెద్దవాళ్లకు ఈ ఆపరేషన్ జరుగుతోంది. 2020లో కరోనా వల్ల ఊపిరితిత్తులు పూర్తిగా దెబ్బతిన్న కొందరికి చెన్నైలో, సికింద్రాబాద్‌లో రెండు ఊపిరితిత్తులూ మార్చినప్పటి నుంచి మన ఇళ్లలోనూ దీని గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆపరేషన్ అయ్యాక అందరి చూపూ శ్వాస మీదే. ఆక్సిజన్ ఎంత ఉంది? ఆయాసం తగ్గిందా? ఎక్స్‌రే బాగుందా? ఆ సందడిలో మెదడు, నరాల సంగతి మరుగున పడుతుంది. అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యులు 1988 నుంచి 2008 దాకా తమ దగ్గర ఊపిరితిత్తులు మార్పించుకున్న 120 మంది వివరాలు తిరగేశారు. వారిలో మూడొంతుల మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు మెదడుకో, నరాలకో సంబంధించిన ఇబ్బంది ఎదుర్కొన్నవారే! కంగారుపడకండి. చేతులు వణకడం, తలనొప్పి లాంటివీ ఆ లెక్కలో ఉన్నాయి. అయితే మూర్ఛ, పక్షవాతం లాంటివి కూడా ఉన్నాయి కాబట్టే ఈ సంగతి తెలిసి ఉండాలి.

పద్దెనిమిది రోజుల ఊపిరి

మనిషికి మొట్టమొదటిసారి ఊపిరితిత్తిని మార్చింది డాక్టర్ జేమ్స్ హార్డీ. 1963 జూన్‌లో, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో. కొత్త ఊపిరితిత్తి పనిచేసింది కానీ రోగి మాత్రం 18 రోజులకే కన్నుమూశాడు. ఆ తర్వాత ఎన్నోచోట్ల ప్రయత్నించారు. ఎవరూ ఎక్కువకాలం నిలవలేదు. మన శరీరానికి తనది కానిది ఏదొచ్చినా పడదు. పరాయి కణాన్ని చూడగానే రోగనిరోధక శక్తి దాడికి దిగుతుంది. దాన్ని లొంగదీసే మందు అప్పటికి లేదు.

ఆ మందు మట్టిలో దొరికింది! నార్వేలోని ఒక పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలోని శిలీంధ్రం నుంచి సైక్లోస్పోరిన్ పుట్టింది. దాని అండతోనే 1983లో కెనడాలోని టొరంటోలో డాక్టర్ జోయెల్ కూపర్ చేసిన ఊపిరితిత్తి మార్పిడి విజయవంతమైంది. ఆ రోగి ఆరేళ్లకు పైగా బతికాడు. 1984లో జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో మరో మందు బయటపడింది. అదే టాక్రోలిమస్. ఇవాళ ఊపిరితిత్తులు మార్పించుకున్న వారిలో అత్యధికులు పొద్దునా రాత్రీ వేసుకునే మాత్ర ఇదే. ప్రాణం నిలబెట్టేదీ ఇదే, మెదడును కాస్త ఇబ్బంది పెట్టేదీ ఇదే. ఆ కథ తర్వాత చెప్పుకుందాం. ముందు ఆపరేషన్ గదిలోకి వెళ్దాం.

కోత ఛాతీకి... దెబ్బ మెదడుకా?

మెదడు బరువు శరీరంలో రెండు శాతమే. కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో అయిదో వంతు అదే తీసుకుంటుంది. నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ అందకపోయినా తట్టుకోలేదు. ఇక్కడేమో ఆ ఆక్సిజన్ అందించే ఊపిరితిత్తులనే తీసి కొత్తవి పెట్టాలి. గంటల తరబడి సాగే ఆపరేషన్. చాలాసార్లు ఆ సమయంలో ఎక్మో లాంటి యంత్రాలు రక్తాన్ని బయటికి తీసుకుని, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపుతాయి. ఈ క్రమంలో బీపీ పడిపోవచ్చు. చిన్న గాలి బుడగో, రక్తపు గడ్డో మెదడుకు చేరవచ్చు.

ఇంకో సంగతీ ఉంది. ఊపిరితిత్తుల నుంచి శుద్ధమైన రక్తాన్ని తెచ్చే సిరలను గుండె ఎడమ గదికి కలిపి కుడతారు. ఆ కుట్ల దగ్గర గడ్డ కడితే? అది గుండెలోంచి తిన్నగా మెదడుకు వెళ్లే దారి. ఆపరేషన్ తర్వాత తొలివారాల్లో కొందరికి గుండె లయ తప్పుతుంది. దానివల్లా గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుంది. ఫలితం... పక్షవాతం. మామూలుగా పక్షవాతం వస్తే నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. పెద్ద ఆపరేషన్ అయిన కొత్తలో అది ఇవ్వడం కష్టం. కుట్ల దగ్గర రక్తం ఆగదు. అలాంటప్పుడు అవకాశం ఉంటే రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగేస్తారు. ఏ దారైనా సరే, ఒక్క నిమిషం ఆలస్యమైనా నష్టమే. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా ‘మత్తు ఇంకా దిగలేదేమో’ అని సరిపెట్టుకోకూడదు.

‘ఈయన మా నాన్నేనా?’

ఐసీయూలో కళ్లు తెరిచిన మనిషి సొంత కొడుకునే ‘ఎవరు నువ్వు?’ అని అడగొచ్చు. గోడ మీద పురుగులు పాకుతున్నాయనొచ్చు. తనను చంపడానికి నర్సులు కుట్ర చేస్తున్నారని గొడవ పెట్టొచ్చు. కట్టిన గొట్టాలు పీకేసుకోవచ్చు. మన పెద్దలు ‘సంధి కొట్టింది’ అనేవారే, అదిది. వైద్యులు డెలీరియం అంటారు. ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన వారిలో మూడో వంతుకు పైగా దీని బారిన పడుతున్నట్టు కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. అందరూ ఇలా గోల చేయరు. కొందరు మగతగా, ముభావంగా, గోడకేసి చూస్తూ ఉండిపోతారు. ‘పాపం, పడుకున్నాడు’ అనుకుంటాం. నిజానికి అదీ సంధే!

పిచ్చి పట్టిందేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. కాదు. మత్తుమందులు, నొప్పి మందులు, నిద్రలేమి, ఆక్సిజన్‌లో హెచ్చుతగ్గులు, ఇన్ఫెక్షన్... అన్నీ కలిసి మెదడును తాత్కాలికంగా తికమక పెడతాయి. అసలు కారణాన్ని సరిచేస్తే సర్దుకుంటుంది. మందులకన్నా కొన్నిసార్లు చిన్న చిన్న పనులే మేలు చేస్తాయి. వాళ్ల కళ్లద్దాలు, వినికిడి యంత్రం తెచ్చివ్వడం. గోడ గడియారం కనిపించేలా చూడటం. పగలు వెలుతురు, రాత్రి చీకటి ఉండేలా చూడటం. వీలైనంత త్వరగా లేపి నడిపించడం. అన్నిటినీ మించి బాగా తెలిసిన గొంతు... ‘నాన్నా, నేను. ఇవాళ మంగళవారం. ఆపరేషన్ అయిపోయింది, బాగా జరిగింది’ అని ఓపిగ్గా చెబుతూ ఉండటం. వాదించొద్దు. భయపెట్టొద్దు.

నలిగిన నరాలు... మారిన గొంతు

ఛాతీ అంటే గుండె, ఊపిరితిత్తులే కాదు. మెడ నుంచి కిందికి దిగే ముఖ్యమైన నరాలకు అది రహదారి. గుండె పక్కగా దారంలా సాగే ఫ్రెనిక్ నరం పొట్టకూ ఛాతీకీ మధ్య ఉన్న ఉదరవితానాన్ని కదిలిస్తుంది. మనం ఊపిరి తీసుకోవడానికి ఆ కండరమే ప్రధానం. ఆపరేషన్‌లో ఆ నరం సాగినా, చల్లదనానికి మొద్దుబారినా ఉదరవితానం కదలదు. ఊపిరితిత్తులు కొత్తవే, బాగానే ఉన్నాయి. అయినా వెంటిలేటర్ తీయలేని పరిస్థితి! చాలామందికి నెలల వ్యవధిలో నరం కోలుకుంటుంది.

స్వరపేటికకు వెళ్లే నరం కథ ఇంకా వింత. ఎడమవైపు అది గొంతు దాటి ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే మహాధమనిని చుట్టుకుని, మళ్లీ పైకెక్కి గొంతుకు చేరుతుంది. అది నలిగితే గొంతు బొంగురుపోతుంది. అంతేకాదు, మింగిన నీళ్లు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే ఆపరేషన్ అయ్యాక మింగడం సరిగా ఉందో లేదో పరీక్షించి గానీ నోటికి ఏమీ ఇవ్వరు. ‘పాపం, నాలుక ఎండిపోతోంది’ అని చాటుగా గుక్కెడు నీళ్లు పోసే ప్రేమే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. ఇక పొట్టను నడిపించే వేగస్ నరం దెబ్బతింటే తిన్నది కిందికి దిగదు. రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. లోపలి ఆమ్లం పైకి తన్ని కొత్త ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

వారాల తరబడి ఐసీయూలో ఉన్నవారిలో కాళ్లూ చేతుల కండరాలు, నరాలు కూడా నీరసిస్తాయి. గ్లాసు ఎత్తలేరు, పక్కకు ఒత్తిగిల్లలేరు. ఇది పక్షవాతం కాదు. ఫిజియోథెరపీ, మంచి ఆహారం, ఓపిక... ఈ మూడే మందు.

ప్రాణం పోసే మందే... వణికిస్తుంది

ఇప్పుడు టాక్రోలిమస్ దగ్గరికి వద్దాం. 1979లో క్లాడ్ క్లీ అనే శాస్త్రవేత్త మెదడులో సమృద్ధిగా ఉండే ఒక ప్రొటీన్‌కు పేరు పెట్టారు. కాల్షియంతో కలిసి పనిచేస్తుంది కాబట్టి ‘కాల్సి’, నాడీకణాల్లో ఉంటుంది కాబట్టి ‘న్యూరిన్’. రెండూ కలిపి కాల్సిన్యూరిన్. పన్నెండేళ్ల తర్వాత, 1991లో, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ రెండూ పనిచేసేది సరిగ్గా ఈ కాల్సిన్యూరిన్ మీదేనని తేలింది. రోగనిరోధక కణాల్లో ఉన్న కాల్సిన్యూరిన్‌ను ఈ మందులు ఆపేస్తాయి. దాడి ఆగుతుంది, కొత్త అవయవం నిలుస్తుంది. కానీ అదే ప్రొటీన్ మెదడులోనూ ఉంది కదా! తాళంచెవి ఒకటే, తలుపులు రెండు.

అందుకే ఈ మందు వాడేవారిలో చాలామందికి చేతులు సన్నగా వణుకుతాయి. కాఫీ కప్పు తొణుకుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. చెక్కు మీద సంతకం కలవదు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, తిమ్మిర్లు, పీడకలలు కూడా మామూలే. రక్తంలో మెగ్నీషియం తగ్గితే ఇవి మరీ ఎక్కువవుతాయి. చాలావరకు మోతాదు సర్దితే తగ్గుతాయి.

మోతాదు సర్దడమే కత్తిమీద సాము. ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన తొలి ఏడాది రక్తంలో ఈ మందు సాధారణంగా మిల్లీలీటరుకు 10 నుంచి 15 నానోగ్రాములు ఉండేలా చూస్తారు. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు! తగ్గితే శరీరం కొత్త ఊపిరితిత్తులను తిప్పికొడుతుంది. పెరిగితే కిడ్నీలు, మెదడు ఇబ్బంది పడతాయి. అందుకే రక్తపరీక్షకు వెళ్లే రోజు పొద్దున్న మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. ముందే వేసుకుంటే లెక్క తప్పుతుంది.

ఉన్నట్టుండి చూపు పోతే...

అరుదుగా ఈ మందులు మరో పెద్ద సమస్య తెచ్చిపెడతాయి. తీవ్రమైన తలనొప్పి, బీపీ ఎగబాకడం, అయోమయం, కళ్ల ముందు మసక లేదా చూపే పోవడం, ఆ వెంటనే ఫిట్స్. మెదడు వెనక భాగంలోని రక్తనాళాలు కారి అక్కడ వాపు వస్తుంది. చూపును నడిపించేది ఆ భాగమే కాబట్టి కళ్లు బాగున్నా ఏమీ కనిపించదు. 1996లో అమెరికా వైద్యులు 15 మంది రోగులను పరిశీలించి మొదటిసారి దీన్ని ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించారు. వారిలో ఏడుగురు రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవారే. దీని పేరు ప్రెస్.

ఇందులో మంచి కబురు ఏమిటంటే, ఎంఆర్ఐలో త్వరగా గుర్తించి, బీపీ అదుపు చేసి, మందు తగ్గించినా మార్చినా చాలామందికి రోజుల్లోనో, వారాల్లోనో చూపూ తెలివీ తిరిగొస్తాయి. రక్తంలో మందు మోతాదు సరిగ్గానే ఉన్నా ఇది రావచ్చు. కాబట్టి ‘రిపోర్టు నార్మలే కదా’ అని ఊరుకోవడానికి వీల్లేదు. అలాగని భయపడి మాత్రలు సొంతంగా ఆపేయడం ఇంకా పెద్ద ప్రమాదం.

అమ్మోనియా మిస్టరీ

ఆపరేషన్ బాగా జరిగింది. ఊపిరితిత్తులు పనిచేస్తున్నాయి. వారం రెండు వారాల్లో రోగి మగతలోకి, ఆపై కోమాలోకి! కాలేయం భేషుగ్గా ఉన్నా రక్తంలో అమ్మోనియా మాత్రం విపరీతంగా పెరిగిపోతోంది. మెదడు వాచిపోతోంది. ఈ వింత సమస్య ఎందుకొస్తోందో ఏళ్ల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. వచ్చినవారిలో ఎక్కువమంది దక్కలేదు.

2015లో అమెరికాలోని పరిశోధకులు దొంగను పట్టుకున్నారు. యూరియాప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా. పేరులోనే ఉంది గుట్టు. అది యూరియాను విడగొట్టుకుని బతుకుతుంది, అమ్మోనియాను వదులుతుంది. మూత్రనాళాల్లో మామూలుగా హానిచేయకుండా ఉండే ఈ సూక్ష్మజీవి రోగనిరోధక శక్తి అణిగిన శరీరంలో చెలరేగుతోంది. దీనికి కణకవచం లేదు. అందుకే మామూలు పరీక్షల్లో చిక్కదు, పెన్సిలిన్ తరహా మందులకు లొంగదు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి మందులతో దాన్ని చంపి, డయాలసిస్‌తో అమ్మోనియాను తోడేస్తే మనిషిని కాపాడుకునే అవకాశం ఉందని తేలింది. ఆ పరిశోధనలో కీలకపాత్ర పోషించిన డాక్టర్ అంకిత్ భరత్ మన వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చదువుకున్నవారే. 2020 జూన్‌లో అమెరికాలో తొలిసారి కరోనా రోగికి రెండు ఊపిరితిత్తులూ మార్చిందీ ఆయన బృందమే.

పావురం రెట్ట కూడా పగే!

నెలలు గడిచే కొద్దీ ఆపరేషన్ గండాలు తగ్గి ఇన్ఫెక్షన్ల బెడద మొదలవుతుంది. కాపలాదారుకు మందుపెట్టి పడుకోబెట్టాం కదా, దొంగలు రాకుండా ఉంటారా! పావురాల రెట్టల్లో ఉండే క్రిప్టోకోకస్ శిలీంధ్రం, దుమ్ములోని ఆస్పర్‌జిల్లస్, మట్టిలోని నొకార్డియా, మన దేశంలో ఎక్కువగా ఉండే క్షయ... ఇవన్నీ ఊపిరితిత్తుల్లోంచి మెదడుకు చేరగలవు. ఇంకో చిక్కేమిటంటే, ఇలాంటివారికి మెదడువాపు వచ్చినా జ్వరం రాకపోవచ్చు, మెడ బిగుసుకోకపోవచ్చు. వారం పది రోజులుగా వదలని తలనొప్పి ఒక్కటే ఆనవాలు కావచ్చు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పావురాల గూడు ఉంటే, ఊడ్చే పని ఇంకెవరైనా మూతికి గుడ్డ కట్టుకుని, తడిపి చేయాలి. ఆపరేషన్ అయినవారు అటు వెళ్లకపోవడమే మంచిది.

మందూ మందూ పోట్లాడుకుంటే...

ఒక మందు పడితే ఇంకో మందు లెక్క తప్పడం ఇక్కడ పెద్ద తలనొప్పి. శిలీంధ్రాలకు ఇచ్చే వొరికొనజోల్ టాక్రోలిమస్‌ను ఒంట్లో పేరుకునేలా చేస్తుంది. అది మొదలుపెడితే టాక్రోలిమస్‌ను మూడో వంతుకు తగ్గిస్తారు. ఈ వొరికొనజోల్ వల్లే కొందరికి లైట్లు మరీ వెలిగిపోతున్నట్టు, రంగులు మారినట్టు అనిపిస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మాత్రం టాక్రోలిమస్‌ను కరిగించేస్తాయి. అంటే, పక్క వీధి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న రెండు మాత్రలు కోట్ల విలువైన ప్రాణాన్ని అటో ఇటో తోసేయగలవు.

పండ్లలోనూ ఒక దొంగ ఉంది. వినాయకచవితికి పాలవెల్లికి కట్టే పంపరపనస! అదీ, దాని చుట్టమైన గ్రేప్‌ఫ్రూటూ టాక్రోలిమస్ స్థాయిని పెంచేస్తాయి. దేవుడికి పెట్టండి, ఆపరేషన్ అయినవారికి మాత్రం పెట్టకండి. ఎవరో చెప్పారని ఆకు పసర్లు, పొడులు, కషాయాలు కూడా వద్దు.

ఆలస్యం వద్దు!

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

* మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం
* మొదటిసారి ఫిట్స్ రావడం
* చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం
* ఎన్నడూ లేనంత తలనొప్పి, లేదా రోజుల తరబడి వదలని తలనొప్పి
* అకారణంగా మగత, అయోమయం, పొంతన లేని మాటలు
* ఉన్నట్టుండి వణుకు పెరగడం, నడకలో తూలడం
* వాంతులు, విరేచనాల వల్ల మాత్రలు ఒంటికి పట్టకపోవడం

వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీ, బీపీ రాసుకునే పుస్తకం, చివరి రక్తపరీక్ష రిపోర్టు చేతిలో ఉండాలి. ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లినా మొట్టమొదట చెప్పాల్సిన మాట... ‘ఈయనకు ఊపిరితిత్తులు మార్చారు’.

ఇంట్లోవాళ్లే తొలి వైద్యులు

స్కానింగ్ యంత్రం చూపించేది ఆ క్షణాన్నే. మనిషి నిన్న ఎలా ఉన్నాడో, మొన్న ఎలా మాట్లాడాడో దానికి తెలియదు. తెలిసింది భార్యకు, కొడుక్కి, కోడలికి. రోజూ పేపరు చదివే మనిషి పేపరు ముట్టడం లేదంటే, చిల్లర లెక్క తప్పుతోందంటే, మనవడి పేరు కోసం తడుముకుంటున్నారంటే... అది వయసా, దిగులా, మందా, మెదడా అన్నది డాక్టర్ తేలుస్తారు. మీరు చెప్పాలి అంతే. ‘ఇంత పెద్ద ఆపరేషన్ చేశారు, ఇంత చిన్న విషయం చెబితే ఏమనుకుంటారో’ అన్న మొహమాటం వద్దు. వారానికోసారి ఒక కాగితం మీద పేరు రాయించి తేదీ వేసి దాచండి. వణుకు పెరుగుతోందో తగ్గుతోందో ఆ సంతకాలే చెబుతాయి.

దిగులు విషయమూ పట్టించుకోవాలి. చావు దగ్గరిదాకా వెళ్లొచ్చిన మనిషి, ఇంకొకరి మరణం వల్ల తాను బతికానన్న భారం, ఆరోగ్యం మీద బెంగ, ఖర్చు మీద బెంగ. స్టెరాయిడ్లు కూడా కోపాన్నీ కన్నీళ్లనూ పెంచుతాయి. ‘అన్నీ బాగానే ఉన్నాయిగా, ఇంకా ఏడుపెందుకు’ అనకండి. మానసిక వైద్యుడికి చూపించడం కూడా ఈ చికిత్సలో భాగమే.

ఈ ఊపిరి వెనక ఉన్న మరో మెదడునూ తలచుకోవాలి. 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టం ‘బ్రెయిన్‌డెత్’ను మరణంగా గుర్తించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన జీవన్‌దాన్ ఆ అవయవాలను అవసరమైనవారికి వరుస ప్రకారం చేరుస్తూ వచ్చింది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే పేరుతో సాగుతోంది. ఎక్కడో ఒక ఇంట్లో, ఒకరి మెదడు ఆగిపోయాక ఆ కుటుంబం కన్నీళ్లు దిగమింగి సరేనంటేనే ఈ ఇంట్లో ఇంకొకరి ఊపిరి ఆడుతోంది. వాళ్లిచ్చింది ఊపిరి. దాన్ని అందుకున్న మనిషి తన మాట, తన చూపు, తన తెలివితో నలుగురిలో మళ్లీ నవ్వుతూ తిరిగినప్పుడే ఆ దానం నిండుగా ఫలించినట్టు!